హోస్ట్ మారితే ర్యాంకు పోదు, మనమే పోగొట్టుకుంటాం

"అన్నా, హోస్టింగ్ రెన్యువల్ బిల్లు వచ్చింది. మొదటి ఏడాది కట్టినదానికి మూడింతలు అడుగుతున్నారు. సైట్ చూస్తే నత్తనడక. మారిపోదామంటే భయంగా ఉంది. ఇన్నాళ్లు కష్టపడి తెచ్చుకున్న గూగుల్ ర్యాంకు కాస్తా పోతే?"

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. తెలుగులో మొబైల్ రివ్యూలు రాసుకునే చిన్న సైట్ అతనిది. విజిటర్లలో ఎక్కువమంది సెర్చ్ నుంచే వస్తారు కాబట్టి ఆ భయాన్ని తప్పుపట్టలేను. కానీ ఆ భయంతోనే ఏటా అదే స్లో సర్వర్‌కి డబ్బులు కడుతూ కూర్చునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. హోస్ట్ మార్చడం వల్ల ర్యాంకు పోదు. హోస్ట్ మారుస్తూ పనిలో పనిగా మనం కెలికే మిగతా వాటి వల్ల పోతుంది.

గూగుల్ దృష్టిలో పేజీకి గుర్తింపు దాని యూఆర్ఎల్. మీకు వచ్చిన లింకులు, సంపాదించుకున్న పేరు అన్నీ దానికే అతుక్కుని ఉంటాయి. వెనకాల ఐపీ అడ్రస్ మారడం అంటే, ఫోన్ నంబర్ అలాగే ఉంచుకుని ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి పోర్ట్ అవ్వడం లాంటిది. మీకు కాల్ చేసేవాళ్లకు ఆ సంగతే తెలియదు. గూగుల్ కూడా యూఆర్ఎల్ మారే మూవ్ వేరు, మారని మూవ్ వేరు అని విడివిడిగానే గైడ్లు రాసి పెట్టింది. సెర్చ్ కన్సోల్‌లో ఉండే చేంజ్ ఆఫ్ అడ్రస్ టూల్ డొమైన్ మారేవాళ్ల కోసం. హోస్ట్ ఒక్కటే మారేవాళ్లకు దానితో పనే లేదు.

మరి జనానికి ట్రాఫిక్ ఎందుకు పడిపోతోంది? "ఎలాగూ మారుతున్నాం కదా" అన్న ఆలోచన వల్ల. ఎలాగూ మారుతున్నాం కదా, కొత్త థీమ్ వేసేద్దాం. పర్మాలింక్‌లో తేదీ తీసేద్దాం. ఫొటోలన్నీ వెబ్‌పీలోకి మార్చి పేర్లు కూడా నీట్‌గా పెట్టేద్దాం. ఇన్నీ ఒకే రాత్రి చేసేసి, వారం తర్వాత గ్రాఫ్ కిందకి దిగితే తిట్లు మాత్రం హోస్ట్‌కి. దేనివల్ల పడిందో కనుక్కునే దారి అప్పుడు ఎవరికీ ఉండదు. థీమ్ మార్చొద్దని కాదు, ఇంకో నెలలో మార్చుకోండి.

నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే. నా మొదటి సైట్ మార్చినప్పుడు, కొత్త సర్వర్‌లో టెస్టింగ్ కోసం వర్డ్‌ప్రెస్ రీడింగ్ సెట్టింగ్స్‌లో "సెర్చ్ ఇంజిన్లు ఇండెక్స్ చేయొద్దు" అనే టిక్ పెట్టాను. అన్నీ చెక్ చేశాను, సైట్ లైవ్ చేశాను, ఆ టిక్ తీయడం ఒక్కటే మర్చిపోయాను. సైట్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, స్పీడ్ కూడా పెరిగింది. పేజీలు మాత్రం ఒక్కొక్కటే గూగుల్ నుంచి మాయమవుతున్నాయి. మూడు రోజులు కొత్త కంపెనీ సపోర్ట్ వాళ్లతో గొడవపడ్డాక తెలిసింది, తప్పు నాదేనని. లైవ్ చేశాక మొట్టమొదట పేజీ సోర్స్ తెరిచి నోఇండెక్స్ అనే మాట ఉందేమో వెతకడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది. రోబోట్స్ ఫైల్ కూడా అప్పుడే చూసేస్తా.

ఇక డీఎన్ఎస్. "టీటీఎల్ తగ్గించండి" అని ప్రతి యూట్యూబ్ వీడియోలోనూ చెబుతారు. నిజమే, మారడానికి కనీసం వారం ముందే ఏ రికార్డు టీటీఎల్‌ని 86400 సెకన్ల నుంచి 300కి దించితే, మార్పు చాలామందికి నిమిషాల్లో చేరిపోతుంది. కానీ ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. మీరు నేమ్‌సర్వర్లే మార్చేస్తే ఈ 300 మీకు పెద్దగా ఉపయోగపడదు. డాట్ కామ్ రిజిస్ట్రీ దగ్గర నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే అక్షరాలా రెండు రోజులు. దాన్ని మీరు తగ్గించలేరు. ఆ రెండు రోజులు కొందరు పాత సర్వర్‌కి, కొందరు కొత్త దానికి వెళ్తుంటారు. గూగుల్‌బాట్ కూడా అంతే. పైగా పాత నేమ్‌సర్వర్‌లో ఉన్న ఎంఎక్స్ రికార్డు కొత్తచోట రాయడం మర్చిపోతే మెయిల్స్ కూడా ఆగిపోతాయి. బ్రాండ్లు రివ్యూ యూనిట్ గురించి పంపిన మెయిల్ అందులో ఉంటే ఇక చూడక్కర్లేదు.

అందుకే హోస్టింగ్ కంపెనీ ఇచ్చే నేమ్‌సర్వర్లు వాడటం నాకు మొదటి నుంచీ నచ్చదు. డీఎన్ఎస్‌ని క్లౌడ్‌ఫ్లేర్ లాంటి చోటో, డొమైన్ కొన్న చోటో విడిగా పెట్టుకోండి. ఇంకా అలా లేకపోతే హోస్ట్ మారడానికి రెండు మూడు వారాల ముందే రికార్డులన్నీ కాపీ చేసుకుని ఆ మార్పు ఒక్కటీ చేసేయండి. ఆ తర్వాత హోస్ట్ మార్చడమంటే ఒకే ఒక్క ఐపీ అడ్రస్ ఎడిట్ చేయడం. తేడా వస్తే వెనక్కి రావడమూ అంతే సులువు.

తెలుగు సైట్లకు ప్రత్యేకంగా రెండు గుంటలున్నాయి. ఇంగ్లిష్ గైడ్లలో ఇవి మచ్చుకైనా కనిపించవు.

మొదటిది డేటాబేస్. చాలా పాత సైట్లలో టేబుల్స్ లాటిన్1 అని రాసి ఉంటాయి, లోపల మాత్రం యూటీఎఫ్-8 తెలుగు ఉంటుంది. పాత సర్వర్‌లో అది ఎలాగోలా నడిచిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తచోట ఇంపోర్ట్ చేయగానే "రివ్యూ" అన్న మాట పిచ్చి గీతలుగానో, ప్రశ్నార్థకాల వరుసగానో మారిపోతుంది. గీతలైతే వెనక్కి తిప్పే అవకాశం ఉంటుంది. ప్రశ్నార్థకాలైతే ఆ కాపీ చెత్తబుట్టకే, పాత డేటాబేస్ నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సిందే. ఆ స్థితిలో సైట్‌ని గూగుల్ క్రాల్ చేసిందంటే సెర్చ్ రిజల్ట్స్‌లో మీ టైటిల్స్ కూడా అలాగే కనబడతాయి. కాబట్టి హోమ్‌పేజీ ఒక్కటి చూసి తృప్తిపడకండి. అయిదారేళ్ల కిందటి పోస్టులు, ఎమోజీలు వాడిన పోస్టులు తెరిచి చూడండి.

రెండోది తెలుగు యూఆర్ఎల్స్. యూఆర్ఎల్‌లో ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి ఇచ్చిన చోటు 200 క్యారెక్టర్లు. లెక్కేస్తే 22 దాటగానే కత్తిరించేస్తుంది. అంటే మీ తెలుగు యూఆర్ఎల్స్‌లో చాలావరకు ఇప్పటికే తోక తెగి ఉన్నాయి. చూడ్డానికి బాగోకపోయినా గూగుల్‌కి తెలిసిన అడ్రస్ అదే. కొత్తచోట సీఎంఎస్ కూడా మార్చి, టైటిల్ నుంచి స్లగ్ మళ్లీ తయారు చేయించారనుకోండి, పూర్తి తోకతో కొత్త అడ్రస్ వస్తుంది, పాతది 404 అవుతుంది. డేటాబేస్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ఈ తలనొప్పి ఉండదు.

ఇంకో మాట, ఇది భాషతో సంబంధం లేనిది. పాత హోస్ట్ అపాచీ అయి, కొత్తది ఇంజిన్ఎక్స్ అయితే మీ డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని అది అసలు చదవదు. ఏళ్లుగా రాసుకున్న 301 రీడైరెక్ట్‌లన్నీ చప్పుడు లేకుండా పోతాయి. మారేముందే వాటిని కొత్త సర్వర్ కాన్ఫిగ్‌లోకి తిరగరాయించుకోండి.

లైవ్ చేసేముందు ల్యాప్‌టాప్‌లో హోస్ట్స్ ఫైల్‌కి కొత్త ఐపీ రాసుకుని సైట్ మొత్తం తిరగండి. మీకు కొత్త సర్వర్ కనిపిస్తుంది, లోకానికి పాతదే. ఆండ్రాయిడ్‌లో రూట్ లేకుండా ఆ ఫైల్ మార్చలేం కాబట్టి ఫోన్‌లో టెస్ట్ చేద్దామనే ఆశ వదులుకోండి. సెర్చ్ కన్సోల్ వెరిఫికేషన్ ఫైల్ కాపీ అయిందో లేదో కూడా అప్పుడే చూడండి. మారిన రోజు నుంచి కనీసం రెండు రోజులు కొత్త పోస్టులు ఆపేయండి. కొత్త సర్వర్‌లో మీరు వేసిన రివ్యూ, పాత సర్వర్‌కి వెళ్లిన బాట్‌కి 404గా కనిపిస్తుంది. సెప్టెంబర్‌లో ఐఫోన్ లాంచ్ వారం చూసి ఈ పని పెట్టుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

మారాక గూగుల్‌బాట్ రాకపోకలు కొంచెం తగ్గడం మామూలే. కొత్త సర్వర్ ఎంత తట్టుకుంటుందో చూసుకుంటూ కొన్ని వారాల్లో మళ్లీ పెంచుతుంది. దానికి కంగారుపడి ఏదో ఒకటి మార్చేయకండి. సెర్చ్ కన్సోల్‌లో క్రాల్ స్టాట్స్ తెరిచి హోస్ట్ స్టేటస్ చూడండి. అక్కడ ఎర్ర గుర్తు కనిపిస్తే మాత్రం వెంటనే కొత్త కంపెనీని అడగండి. కొన్ని హోస్ట్‌ల ఫైర్‌వాల్ గూగుల్‌బాట్‌నే దాడి అనుకుని ఆపేస్తుంటుంది.

తమ్ముడికి ఇవన్నీ చెప్పాక అతను అడిగిన ఆఖరి ప్రశ్న, "మరి పాత హోస్టింగ్ ఎప్పుడు క్యాన్సిల్ చేయాలి?" రెన్యువల్ తేదీకి ఇంకా నెల రోజులుంది కాబట్టి ఈ ఆదివారం రాత్రే మారమన్నాను. పాత సర్వర్ యాక్సెస్ లాగ్ రోజూ తెరిచి చూడమన్నాను. అందులో గూగుల్‌బాట్ పేరు కనిపించడం ఆగి, మనుషుల రాకపోకలు కూడా సున్నా అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను. క్యాన్సిల్ కొట్టేముందు డేటాబేస్ కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకోమని కూడా చెప్పాను.