కీర్తిమంతునికొక న్యాయము, అనామకునికొక న్యాయమా?

చట్టము ముందు జనులందఱును సమానులని మన రాజ్యాంగమునందలి పదునాలుగవ అధికరణము చెప్పుచున్నది. ఈ మాట 1950 జనవరి 26వ తేదీనుండి దేశమునందు అమలులో నున్నది. బడిపిల్లవాడును దీనిని తడుముకొనక అప్పగింపగలడు. కాని చట్టమును నడపు చేతులు మనుష్యుల చేతులు. మనుష్యులు ముఖములు చూచెదరు. ప్రసిద్ధి గాంచిన వానిపై ఘోరనేరారోపణము వచ్చినపుడు మన పోలీసులును, న్యాయస్థానములును, పత్రికలును, అన్నిటికంటె మిన్నగా మన ప్రజలును ఎట్లు నడచుకొనుచున్నారను ప్రశ్నను నేడు ఓరుగల్లు పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఈ ప్రశ్నకు రెండవ సగమొకటి గలదు. పేరులేని వానిపై అట్టి ఆరోపణమే వచ్చినపుడు ఏమి జరుగుచున్నది? ఈ రెండు సగములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననే గాని వ్యాధి యెక్కడ నున్నదో తెలియదు.

మొదట మన యూరి సంగతియే చెప్పుకొందము. 2008 డిసెంబరు 10వ తేదీన వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న ఇద్దరు కన్యలపై ఆమ్లము పోసిన ఘోరము జరిగినది. వారిలో నొకతె ఆ నెల ముగియులోపలనే ప్రాణము విడిచినది. నగరమంతయు క్రోధముతో నుడికిపోయినది. ఆ క్రోధము న్యాయమైనదే. పోలీసులు ముగ్గురు యువకులను పట్టుకొనిరి. డిసెంబరు 13వ తేదీన, ఘోరము జరిగి మూడుదినములైనను నిండీనిండకమునుపే, ఆ ముగ్గురును పోలీసుల చేతిలో నుండగానే మామునూరు ప్రాంతమున తుపాకి గుండ్లకు హతులైరి. తమపై దాడి చేయగా ఆత్మరక్షణార్థము కాల్చితిమని పోలీసులు చెప్పిరి. అభియోగపత్రము లేదు, సాక్షి లేడు, వకీలు లేడు, తీర్పు లేదు. మఱునాడు మన విద్యార్థులు పోలీసు అధికారికి పూలగుత్తులు సమర్పించిరి.

పదునాఱేండ్లు గడచినవి. 2024 డిసెంబరు 13వ తేదీ వచ్చినది. అదే మాసము, అదే తేదీ. అంతకు తొమ్మిదిదినముల ముందు, డిసెంబరు 4వ తేదీ రాత్రి, హైదరాబాదు ఆర్‌టీసీ చౌరస్తా యందలి సంధ్యా థియేటరులో ‘పుష్ప 2’ చిత్రపు ముందస్తు ప్రదర్శనకు కథానాయకుడు అల్లు అర్జున్ వచ్చినపుడు జరిగిన తొక్కిసలాటలో ఒక గృహిణి మరణించినది. ఆమె కుమారుడు ప్రాణాపాయస్థితిలో ఆసుపత్రి పాలైనాడు. హత్యకాని ప్రాణహరణమను నేరముక్రింద పోలీసులు నమోదు చేసిన కేసులో ఆ నటుని 13వ తేదీ మధ్యాహ్నమున అరెస్టు చేసిరి. నాంపల్లి న్యాయస్థానము పదునాలుగు దినముల రిమాండు విధించినది. ఆ సాయంకాలమే హైకోర్టు నాలుగువారములకు మధ్యంతరపు బెయిలు నిచ్చినది. ఉత్తరువుల ప్రతి జైలుకు చేరుటలో కలిగిన ఆలస్యముచేత ఆయన ఆ రాత్రి చంచల్‌గూడ జైలులో గడపి మఱునాటి ఉదయమున వెలుపలికి వచ్చెను. ఆ దినమంతయు చిత్రరంగ ప్రముఖులు ఆయన గృహమునకు బారులు తీరిరి. పసిబాలుడు మాత్రము ఆసుపత్రి శయ్యపైననే యుండెను.

మా మాటను అపార్థము చేసికొనవలదు. ఆ నటుడు నేరస్థుడని మేము చెప్పుట లేదు. అది న్యాయస్థానము తేల్చవలసిన విషయము. రెండు కేసులును ఒక్క తీరువని గూడ మేము చెప్పుట లేదు. ఒకటి కావలెనని చేసిన క్రౌర్యముగా ఆరోపింపబడినది. రెండవది జాగ్రత్త లోపించుటవలన గలిగిన విపత్తుగా ఆరోపింపబడినది. హైకోర్టు బెయిలిచ్చుట తప్పనియు మేము చెప్పము. నేరము ఋజువగు వఱకు మనుష్యుని స్వేచ్ఛను నిష్కారణముగ హరింపరాదనుట ఉత్తమమైన సూత్రము. మా బాధ వేఱు. ఈ ఉత్తమసూత్రము కొందఱికి ఒక్క దినములో అందుచున్నది. కొందఱికి ఏండ్ల తరబడి అందుట లేదు. మఱికొందఱికి మామునూరు దారిలో శాశ్వతముగ అందకుండ పోయినది. 2022 సంవత్సరాంతమునకు దేశమునందలి జైళ్లలో నున్న వారు ఇంచుమించు 5 లక్షల 73 వేలమంది. వారిలో నాలుగింట మూడు వంతులు తీర్పు రాని విచారణ ఖైదీలే. వారి యింటికి ఎవరును బారులు తీరరు. వారికి బెయిలు దొరకినను పూచీ నిలుచువాడు దొరకడు.

ఇచ్చట నొక ఆక్షేపణము రావచ్చును. “ప్రసిద్ధులను చట్టము విడిచిపెట్టుచున్నదనుట సత్యము కాదు, వారి పేరు పెద్దదగుటచేతనే చిన్న విషయమునకు గూడ వారిని వీథికీడ్చుచున్నారు” అని కొందఱందురు. ఈ వాదమునందు కొంత సత్యము లేకపోలేదు. 1944 నవంబరులో మద్రాసులో లక్ష్మీకాంతన్ అను పత్రికాసంపాదకుడు కత్తిపోట్లకు గురియై మరణించెను. సినీతారల రహస్యములను వ్రాసి బ్రదుకువాడని ఆయనకు పేరు. ఆ హత్యకు కుట్ర చేసిరని దక్షిణదేశమంతట ఆరాధింపబడుచుండిన గాయకనటుడు త్యాగరాజ భాగవతరును, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణనును అరెస్టు చేసిరి. 1945లో వారికి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడినది. సీమలోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయి, కేసును మరల విచారింపుడను ఉత్తరువు దెచ్చుకొని, 1947లో మద్రాసు హైకోర్టులో నిర్దోషులుగ విడుదలైరి. రెండేండ్లకు పైగా జైలులో నుండిన భాగవతరునకు మునుపటి వైభవము తిరిగి రాలేదు. ఈ కథ రెండు నీతులను బోధించుచున్నది. కీర్తి కవచము కానక్కఱలేదు; కారాగారమునకు దారి కూడ కావచ్చును. రెండవ నీతి యింకను ముఖ్యమైనది: పొరపాటును దిద్దుకొను మార్గము న్యాయస్థానమునకు గలదు, తుపాకికి లేదు. లండను దాక పోగల ధనము వారికుండెను గనుక ఆ మార్గము వారికి తెఱచుకొన్నది. ధనము లేని ఖైదీ యెవడైన ఆ సంవత్సరముననే అట్టి శిక్షనే పొందియుండినచో వాని గతి యేమైయుండునో ఊహింపవలసినదే.

ఆ కాలమునుండి ఈ కాలమునకు వచ్చితిమేని, ప్రసిద్ధులకు లభించు గొప్ప వరము విడుదల కాదు, కాలహరణము. 2002 సెప్టెంబరులో బొంబాయి బాంద్రాలో కాలిబాటపై నిద్రించుచుండిన పేదలపైకి మోటారు బండి యెక్కి ఒకడు మరణించెను, నలుగురు గాయపడిరి. హిందీ నటుడు సల్మాన్ ఖాన్‌కు క్రింది న్యాయస్థానము అయిదేండ్ల శిక్ష విధించినది 2015 మే నెలలో. అనగా పదుమూడవ యేట. ఆ సంవత్సరము డిసెంబరులోనే సాక్ష్యము చాలదని బొంబాయి హైకోర్టు ఆయనను విడుదల చేసినది. తీర్పు మంచిదో చెడ్డదో మేము విచారింపబోము. పదుమూడేండ్లలో సాక్షులు చనిపోవుదురు, మఱతురు, భయపడుదురు, మాట మార్చుకొందురు. దోషియైనచో వానికది లాభము. నిర్దోషియైనచో వానికి పదుమూడేండ్ల అపకీర్తి. కాలిబాటపై చచ్చినవానికి మాత్రము ఎట్లును నష్టమే.

మన యూరిలో ప్రముఖునిపై వచ్చిన కేసు యొకటి ఎట్లు నడచినదో గూడ చూతము. 2015 నవంబరు 4వ తేదీన హనుమకొండలోని మాజీ పార్లమెంటు సభ్యుడు సిరిసిల్ల రాజయ్యగారి గృహమున అగ్నిప్రమాదములో ఆయన కోడలును ముగ్గురు పసిమనుమలును మరణించిరి. అప్పుడాయన వరంగల్లు ఉపయెన్నికలో కాంగ్రెసు అభ్యర్థి. పార్టీ వెంటనే మఱియొకరిని నిలిపినది. ఆయనను, భార్యను, కుమారుని అరెస్టు చేసిరి, విచారణ జరిగినది, 2022లో న్యాయస్థానము వారిని నిర్దోషులని విడుదల చేసినది. న్యాయస్థానము నిర్దోషియనిన వానిని దోషియనుట మాకు తగదు, ఎవరికిని తగదు. ఏడేండ్లు సుదీర్ఘకాలమే. అయినను పదవి చూచి పోలీసులు వెనుదీయలేదు. ఊరి క్రోధము చూచి ఎవరును తుపాకి యెత్తలేదు. సాక్ష్యము విని న్యాయమూర్తి తీర్పు చెప్పెను. 2008లో ఆ ముగ్గురు యువకులకు ఈ మార్గమే యేల దొరకలేదని మేము అడుగుచున్నాము. వారు దోషులే యైయుండవచ్చును. అట్లయినచో న్యాయస్థానము వారిని శిక్షించియుండెడిది. దగ్ధమైన ఆ కన్యలకు జరిగిన అన్యాయము ప్రభుత్వ దస్త్రములలో తీర్పుగా నిలిచియుండెడిది. నేడు నిలిచినది కాల్పుల కథ మాత్రమే.

కీర్తి సినీనటులకును శాసనకర్తలకును మాత్రమే వచ్చునది కాదు. 2008లో మన నగరము ఒక పోలీసు అధికారిని గూడ వీరుని గావించినది. పదునొకండేండ్ల తరువాత, 2019 డిసెంబరు 6వ తేదీన, షాద్‌నగరు సమీపమున చటాన్‌పల్లి వద్ద, ఒక పశువైద్యురాలిపై జరిగిన మహాఘోరమునందు నిందితులైన నలుగురు పోలీసుల చేతిలో నుండగానే కాల్పులకు హతులైరి. రెండు సమయములందును ఆయా ప్రాంతమునకు అధికారి యొకరే. మరల పువ్వులు కురిసినవి. పోలీసులకు రాఖీలు కట్టిరి. అయితే ఈ మాఱు సుప్రీంకోర్టు ఊరకుండక, జస్టిస్ సిర్పుర్కర్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. 2022లో వెలువడిన ఆ సంఘపు నివేదిక, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిపిరనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకై విచారింపవలెననియు, హతులలో ముగ్గురు ఆనాటికి మైనరులనియు చెప్పినది. నివేదిక చేసిన ఆరోపణములు గూడ న్యాయస్థానమున ఋజువు కావలసినవే. ఆ పదిమందికి గూడ వకీలును, సాక్ష్యమును, తీర్పును లభింపవలెను. హతులకు దక్కనిది వారికి దక్కవలెనని మేము కోరుచున్నాము; అదియే చట్టమనగా.

పై సంఘటనలలో జనసమూహపు పాత్ర యొక్కటియే. నటుని ద్వారమున నిలిచి జయజయధ్వానములు చేయువారును, తుపాకికి పూలు చల్లువారును వేఱువేఱు జనులు కారు. రెండుచోట్లను తీర్పు ముందుగనే వ్రాయబడినది: అభిమాన నటుడు గనుక నిర్దోషి, ఊరుపేరు లేనివాడు గనుక దోషి. ఇందులకు కారణము జనుల దుష్టత్వమని మేము తలంపము. న్యాయస్థానము సకాలమున న్యాయము చేయునను నమ్మకము వారికి పోయినది. ఆకలిగొన్నవాడు పచ్చికాయను కొఱుకునట్లు, న్యాయమునకై కాచి కాచి అలసినవాడు ప్రతీకారమును న్యాయమని మ్రింగుచున్నాడు. కాని అట్టి ప్రతీకారము ఎప్పుడును దిక్కులేనివానిపైననే పడుచున్నది. పేరుగలవాని గడప దానికి ఎక్కరానిదై యున్నది.

ఈ ఓరుగంటి నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము నొకదానిని శిలపై చెక్కించెను. గాలివానకు ఓడ పగిలి సరకు ఒడ్డున పడినచో పూర్వపు రాజులు దానిని బలాత్కారముగ గైకొనుచుండిరి; ఇక ఆ పని జరుగదు, సుంకము మాత్రమే గైకొందుమని ఆ శాసనము పరదేశపు వర్తకులకు మాట యిచ్చినది. రాజు తన చేతిని తానే కట్టుకొనెను, ఎవని కొఱకు? పేరు తెలియని పరదేశి కొఱకు. మన పాలకులకును పోలీసులకును మేము జ్ఞాపకము చేయగోరునది ఈ రాతిమాటయే.

ఇప్పుడు చేయవలసిన పనులు చెప్పెదము. మొదటిది, పోలీసుల చేతిలో జరిగిన ప్రతి మరణమును స్వతంత్రమైన దర్యాప్తుకు లోబఱుపవలెనని 2014లో సుప్రీంకోర్టు విధించిన నియమములను తు.చ. తప్పక పాటింపవలెను, దర్యాప్తు ముగియువఱకు పతకములును సన్మానములును నిలిపివేయవలెను. రెండవది, జైలులో పేరునుబట్టి మర్యాద జరుగరాదు. హత్యకేసులో నిందితుడైన కన్నడ నటుడు దర్శన్‌కు బెంగుళూరు జైలులో ప్రత్యేక సౌకర్యములు లభించినట్లు 2024లో చిత్రములు వెలువడినవి; 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయన బెయిలును రద్దుచేయుచు అట్టి మర్యాదలను గూర్చి జైలు అధికారులను హెచ్చరించినది. ఆ హెచ్చరిక మన చెర్లపల్లికిని చంచల్‌గూడకును గూడ వర్తించును. మూడవది, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షిరక్షణ పథకమును జిల్లా జిల్లాయందును నిజముగ నడపవలెను. సాక్షి భయపడిన చోట పెద్దపేరే గెలుచును. నాల్గవది, ప్రాణనష్టము గలిగిన కేసులలో నిందితు డెవడైనను విచారణకు గడువు ఉండవలెను. సంధ్యా థియేటరు బాధితులకు చిత్రబృందము రెండుకోట్ల రూపాయల సాయము ప్రకటించినది, అది మెచ్చదగినదే. కాని సాయము తీర్పునకు బదులు కాజాలదు. అట్లు కాజాలునేని, ధనమున్నవానికి నేరము ఒక ఖర్చు మాత్రమే యగును.

అయిదవ పని మన చేతిలోనిది. 1904లో స్థాపింపబడిన హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము మొదలుకొని ఈ మండలమునందలి పఠనాలయములన్నియు, చదివి ఆలోచించి మాటలాడు జనులు కావలెననియే పుట్టినవి. అక్కడ పత్రిక చేతబట్టిన పాఠకుడు అరెస్టు వార్త చదివినపుడు ఆ పేరును తన యభిమాన నటుని పేరుగా నొకమాఱును, పేరులేని కూలివాని పేరుగా నొకమాఱును మార్చి చదువవలెను. రెండుమాఱులును తన మనస్సు ఒక్క తీర్పే చెప్పునేని, ఆ పాఠకుడు పదునాలుగవ అధికరణమును అర్థము చేసికొన్నవాడు. చెప్పదేని, మార్పు పోలీసు ఠాణాలో గాక ఆ బల్లవద్దనే మొదలు కావలసియున్నది.