వేరు చెంత బ్యాక్టీరియా: పేరు తెలిస్తే పని తెలిసినట్టేనా?

కోస్తాంధ్ర ఇసుక నేలల్లో కాగితం పరిశ్రమకు ముడిసరుకుగా పెంచే సరుగుడు, నత్రజని కొరవడిన చోట కూడా నిలదొక్కుకుంటుంది. అందుకు తోడ్పడేది దాని వేరుబుడిపెలలో నివసించే ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా. గాలిలోని నత్రజనిని అది చెట్టుకు అందే రూపంలోకి మారుస్తుంది. కానీ దానిని ప్రయోగశాలలో పెంచడం కష్టం. నమ్మదగిన తొలి శుద్ధ రకాన్ని శాస్త్రవేత్తలు 1978లో గాని వేరుచేయలేకపోయారు. అదీ ఉత్తర అమెరికాకు చెందిన ఒక పొద వేళ్ల నుంచే.

మట్టిలోని బ్యాక్టీరియాలో అత్యధికభాగం ఇలాగే ప్రయోగశాలలో సులువుగా పెరగదు. డీఎన్‌ఏ పద్ధతి ఈ అడ్డంకిని దాటింది. బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే 16ఎస్ జన్యువులో కొన్ని భాగాలు అన్నింటికీ దాదాపు సమానం, మరికొన్ని జాతిని బట్టి మారతాయి. ఈ తేడాలతో జీవుల వంశవృక్షాన్ని గీయవచ్చని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ చూపారు. నేడు వేరుకు అంటిన మట్టి నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌తో ఆ జన్యువుకు ప్రతులు చేసి, దాని వరుసక్రమాన్ని చదివి, తెలిసిన జీవుల సమాచారంతో పోల్చుతున్నారు.

అయితే ఈ జాబితాను యథాతథంగా నమ్మరాదు. వేరు కణాలలోని మైటోకాండ్రియాకు కూడా బ్యాక్టీరియా మూలమే కనుక, చెట్టు సొంత జన్యువు సైతం లెక్కలోకి రావచ్చు. చనిపోయిన కణాల డీఎన్‌ఏ కూడా మట్టిలో మిగిలి ఉంటుంది. అమెరికా నేలలపై 2016లో వెలువడిన అధ్యయనంలో సగటున 40 శాతం డీఎన్‌ఏ ఇటువంటిదేనని తేలింది. పైగా 16ఎస్ తరచుగా ప్రజాతి వరకే చెప్పగలదు. నత్రజని స్థిరీకరణకు కావలసిన నిఫ్‌హెచ్ జన్యువు కనిపించినా అది సామర్థ్యానికి గుర్తే తప్ప, ఆ పని జరుగుతోందనడానికి రుజువు కాదు.

రైతుకు ఈ తేడా ముఖ్యం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 ప్రకారం పొడి రూపంలోని రైజోబియం జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. చచ్చిన కణాలున్న ప్యాకెట్టులోనూ డీఎన్‌ఏ పరీక్ష ఆ పేరునే చూపగలదు. కనుక పేరుకు డీఎన్‌ఏ, ప్రాణానికి సజీవ కణాల లెక్క, పనికి నారుమడిలో మొక్కల ఎదుగుదల అనే మూడు పరీక్షలూ కలిసి నడవాలి. ఏ ఒక్కటి కొరవడినా నష్టపోయేది కొన్న రైతే.