బకెట్లో బజ్జీ మిర్చి

మే నెల ఎండకు డాబా మీద కుండీల్లోని మిరప మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తాయి. సాయంత్రం రెండు చెంబుల నీళ్లు పోస్తే మళ్లీ నిటారుగా నిలబడతాయి. హమ్మయ్య, బతికాయనుకుంటారు ఇంట్లోవాళ్లు. తెల్లారి చూస్తే పూతంతా కుండీ చుట్టూ రాలి ఉంటుంది!

మిరపతో వచ్చిన చిక్కే అది. మట్టి ఎండితే పూత రాలుస్తుంది, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. క్యాప్సికమ్ మరీ సుకుమారం. ఓ రోజు ఎండుతూ ఓ రోజు తడుస్తూ ఉంటే, మట్టిలో కాల్షియం ఉన్నా కాయకు అందదు. కాయ కింది కొస నల్లబడి కుళ్లిపోతుంది. తెగులనుకుని మందు కొడతారు చాలామంది. దండగ. దానికి కావాల్సింది ఎప్పుడూ ఒకే తీరున ఉండే తడి.

ప్రమిదలోని నూనె వత్తి పట్టుకుని పైకి పాకుతుంది కదా! అడుగున నీళ్లుంచితే మట్టి కూడా అలాగే కావాల్సినంత పీల్చుకుంటుంది. ఇలాంటి తొట్లు బజార్లో దొరుకుతాయి. ఇంట్లో చేసుకుంటే 20 లీటర్ల బకెట్లు రెండు చాలు. హోటళ్లలో వాడి పక్కన పడేసినవైతే మేలు. రంగుల డబ్బాలు తినే పంటకు వద్దు.

కింది బకెట్లో 4 అంగుళాల ఎత్తున కోసిన పీవీసీ పైపు ముక్కలు మూడు నిలబెట్టి, వాటి మీద రెండో బకెట్ కూర్చోబెట్టాలి. పై బకెట్ అడుగున చిన్న బెజ్జాలు, నడిమధ్య పెరుగు డబ్బా పట్టేంత రంధ్రం చేయాలి. ఒళ్లంతా బెజ్జాలు పెట్టిన ఆ డబ్బాలో తడి మట్టి కూరి నీళ్లలోకి దించితే, అదే వత్తి. నీళ్లు పోయడానికి ఓ మూల అంగుళం పైపు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది కింది బకెట్‌కు మూడున్నర అంగుళాల ఎత్తున పెట్టే రంధ్రం. అది లేకపోతే ఒక్క జడివానకే వేర్లు మునిగిపోతాయి.

మట్టి తేలిగ్గా ఉండాలి. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మి కంపోస్టు ఒక పాలు, మట్టి ఒక పాలు కలిపితే సరి. బకెట్‌కు ఒకే మొక్క. బజ్జీ మిర్చి అయినా, లాం పరిశోధన స్థానం ఇచ్చిన భాగ్యలక్ష్మి రకమైనా సరే. నాటిన పది రోజుల వరకూ పైనుంచే నీళ్లు పోయాలి. ఆ తర్వాతే వేర్లు కింది తడిని అందుకుంటాయి.

ఇక్కడే ఓ ప్రమాదం పొంచి ఉంది. నిలవ నీళ్లంటే దోమకు పురుడుగదే. డెంగీ దోమ గుడ్డు దశ నుంచి రెక్కలొచ్చేదాకా ఎదగడానికి వారం పది రోజులు చాలు. అంటే మిరపకాయ కోయకముందే ఇంట్లో జ్వరం రావచ్చు! పై బకెట్ ఎత్తుగా కూర్చుంటుంది కాబట్టి రెండింటి అంచుల మధ్యా సందు మిగులుతుంది. దాన్ని గుడ్డతో బిగించి కట్టేయాలి. పక్క రంధ్రానికి దోమతెర ముక్క, పైపుకు మూత తప్పనిసరి. అంత ఓపిక లేనివాళ్లు మామూలు కుండీతో సరిపెట్టుకోవడమే మంచిది.

బోరు నీళ్లయితే మట్టి మీద తెల్లగా ఉప్పు తేలుతుంది. నెలకోసారి పైనుంచి ధారాళంగా నీళ్లు పోస్తే పక్క రంధ్రం గుండా కొట్టుకుపోతుంది.

లోపల నీళ్లున్నాయో లేదో తెలిసేదెలా? సన్నటి పుల్లకు థర్మోకోల్ ముక్క గుచ్చి పైపులో వదలాలి. మూతకు పెట్టిన చిన్న బెజ్జంలోంచి పుల్ల పైకి కనిపిస్తే నీళ్లున్నట్టే. అడుగున పట్టేది నాలుగైదు లీటర్లు. వేసవిలో కాపు మీదున్న మొక్క రోజుకు లీటరు దాకా తాగేస్తుంది. కాబట్టి మూడు నాలుగు రోజులు ఊరెళ్లొచ్చినా ఢోకా లేదు. పది రోజుల పెళ్లికైతే మాత్రం పక్కింటి పిన్నిగారికి డాబా తాళం ఇచ్చి వెళ్లాల్సిందే.