పసుపు, కీమో: ఆ ఫలితం కూడా చెప్పాల్సింది

సంపాదకులకు,

పసుపులోని కర్‌క్యుమిన్‌ను కీమోతో కలిపితే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు చస్తాయన్న మీ వ్యాసం చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద కర్‌క్యుమిన్, కీమో మందు డోసిటాక్సెల్ జోడీ బాగా పనిచేసిన మాట నిజమే. అయితే అక్కడ కణాలకు తగిలినంత కర్‌క్యుమిన్ మనిషి రక్తంలోకి చేరదు. పేగులు పీల్చుకునేదే తక్కువ, ఆ కాస్తనీ కాలేయం త్వరగా మార్చేస్తుంది.

ఫ్రాన్స్‌లో ఇదే జోడీని ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు. డోసిటాక్సెల్‌కు తోడుగా కొందరికి కర్‌క్యుమిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2021లో ఫలితం వెలువడింది: అదనపు మేలు కనబడలేదు. వ్యాసకర్త ఈ సంగతి వదిలేయడం నాకు బాధ కలిగించింది. ఆశతో చదివేవాళ్లు రోగులూ, వాళ్ల ఇంటివాళ్లూ కదా!

మొక్కల మందంటే నాకు చులకన లేదు. డోసిటాక్సెల్‌కు మూలపదార్థం యూ చెట్టు ఆకుల్లోదే. వెయ్యిమందికి పైగా రోగులపై జరిగిన పరీక్షలో ఆయుర్దాయం పెంచిందని 2004లో తేలాకే దానికి ఈ జబ్బులో స్థానం దొరికింది.

నా అసలు భయం వేరు. అమెరికాలో ప్రొస్టేట్ రోగులు వాడిన పీసీ-స్పెస్ అనే మూలికల మాత్రల్లో, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ కలిసి ఉందని బయటపడి 2002లో వెనక్కి తీసుకున్నారు. కూరలో పసుపుకు ఎవరూ భయపడక్కర్లేదు. గుళికలు, చూర్ణాలు మాత్రం కీమో ఇస్తున్న డాక్టరుకు చూపించకుండా వాడొద్దని వచ్చే సంచికలో వేయండి.

— ఒక పాఠకుడు, కాకినాడ