నమూనాకూ సరుకు చార్జీయేనా?

అమెరికాకు తపాలా ప్యాకెట్ల బుకింగ్ 2025 అక్టోబరు 15 నుంచి పునఃప్రారంభమైనట్లు వార్తా సంస్థలు పంపిన కథనాన్ని తెలుగు చేస్తున్నప్పుడు ఒక మాట దగ్గర కలం ఆగింది. ‘షిప్‌మెంట్’ అని ఏజెన్సీ రాస్తే ‘సరుకు’ అని అనువదించడం డెస్కులో పరిపాటి. ఓడకెక్కే కంటైనరూ ఆ మాటలోనే ఇమడాలి, కవరులో పట్టే జత చెవిదుద్దులూ ఇమడాలి. రెండింటినీ ఒకే గాటన కట్టడం అనువాదకునికి సులువు కావచ్చు గాని, ప్రభుత్వ విధానానికి తగదు.

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో ఈ తేడా అనుభవపూర్వకంగా తెలిసినవారు ఉన్నారు. ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాల ఉన్న ఈ కాలనీలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. మాకు పరిచయమున్న ఒక గృహిణి మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, నరసాపురం లేసు అల్లిక కుట్టిన చేతిసంచులు తెప్పించి, విదేశీ కొనుగోలుదారుల నుంచి ఆర్డర్లు సంపాదించే ప్రయత్నంలో ఉన్నారు. కొనుగోలుదారు ఎవరైనా ముందుగా అడిగేది నమూనాయే. ఫోటో చూసి వెయ్యి జతలకు ఆర్డరు ఇచ్చేవారు అరుదు. మెరుగు నిలుస్తుందా, కొక్కెం ఊడుతుందా, చెవికి దురద పుడుతుందా అన్నవి వస్తువును చేత పట్టుకుంటే గాని తెలియవు. అయితే ఒక్క చేతిసంచిని పంపడానికి ఒక కొరియరు దుకాణంలో చెప్పిన చార్జీ సంచి ధరకు ఎన్నో రెట్లు ఉండడంతో ఆమె దానిని వెనక్కి తెచ్చుకున్నారు.

ఇందులో మోసమేమీ లేదు. కొరియరు సంస్థలు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ విధంగా వచ్చిన బరువు, తూకం బరువు - ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ కడతాయి. 40, 30, 15 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టిన సంచి తక్కెడలో 800 గ్రాములే తూగినా, లెక్కలో 3.6 కిలోలవుతుంది. అదే సంచిని మడిచి 4 సెంటీమీటర్ల మందానికి తెస్తే లెక్క కిలో లోపునకు దిగుతుంది. విమానంలో చోటును కొలిచి అమ్ముకునే వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. సర్దడం తెలియనివారే గాలికి కూడా చార్జీ చెల్లిస్తున్నారు.

మడవడానికి వీలుకాని నగలకు, గాజులకు తపాలా శాఖ మార్గమే మేలు. రెండు కిలోల వరకు జాడ తెలుసుకోగల అంతర్జాతీయ ప్యాకెట్ సర్వీసు ఉన్నది. కొరియరు కన్నా ఆలస్యమైనప్పటికీ ఖర్చు తక్కువ. 2022లో మొదలైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా ఏర్పడ్డాయి. ఎగుమతి పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపి దగ్గరి కేంద్రంలో ప్యాకెట్ అప్పగిస్తే చాలు. కోట్లా రోడ్డులోని విదేశీ తపాలా కార్యాలయం చుట్టూ తిరగవలసిన పని తప్పింది. ఇది మెచ్చుకోదగిన మార్పు.

కాగా, ఈ ఏర్పాటులోనూ నమూనాకు వేరే ధర లేదు. ఒకప్పుడు ఉండేది. ప్రపంచ తపాలా సంఘానికి పునాది వేసిన 1874 నాటి బెర్న్ ఒప్పందంలో ఉత్తరాలు, కార్డులు, పుస్తకాలతో పాటు ‘సరుకుల నమూనాలు’ అన్న తరగతిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. భారతదేశం 1876లో ఆ సంఘంలో చేరింది. 1898 నాటి భారత తపాలా చట్టం సైతం పుస్తక, నమూనా ప్యాకెట్లను పార్సిళ్ళ నుంచి వేరు చేసి చూపింది. ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులోకి వచ్చింది. తెల్లదొరల కాలంలోనే గుర్తించిన తేడాను మనం మరచిపోవడం విడ్డూరం.

కస్టమ్స్ శాఖకు మాత్రం నమూనా అంటే ఏమిటో తెలుసు. కొరియరు ద్వారా ఉచితంగా పంపే వాణిజ్య నమూనాలకు 50 వేల రూపాయల వరకు, కానుకలకు 25 వేల వరకు ప్రత్యేక పత్రం ఉన్నది. అమెరికా సుంకాల పట్టికలో కూడా డాలరుకు మించని నమూనాలకు, అమ్మకానికి పనికిరాకుండా చిల్లు పొడిచిన లేదా చింపిన వాటికి సుంకం లేని పద్దు కద్దు. కాని 2025 ఆగస్టు 29న 800 డాలర్ల లోపు సరుకులకు అమెరికా సుంకం మినహాయింపు రద్దు చేసిన తర్వాత, అక్టోబరులో తపాలా బుకింగ్ తిరిగి మొదలైనప్పుడు, భారత ప్యాకెట్లపై ప్రకటిత విలువలో 50 శాతాన్ని పంపేవారి వద్దే ముందుగా వసూలు చేశారు. పది డాలర్లని రాసిన నమూనాకు ఐదు డాలర్లు! పైసా రాబడి లేని వస్తువు మీద ఇంత భారం పడితే చిన్నవారు తట్టుకోగలరా?

అందుచేతనే నమూనాను ‘కానుక’ అని రాసి పంపే అడ్డదారి పుడుతుంది. ఇది తప్పు, ప్రమాదకరం కూడా. పట్టుబడితే ప్యాకెట్‌తో పాటు కొనుగోలుదారు నమ్మకమూ పోతుంది. విలువ సున్నా అని రాయడమూ పనికిరాదు. వాణిజ్య విలువ లేదని తెలుపుతూనే, కస్టమ్స్ నిమిత్తం నిజమైన ధరను వేయాలి. (నెమలి ఈకలు పొదిగిన దుద్దులు ఎంత ముచ్చటగా ఉన్నా వాటి ఎగుమతికే నిషేధం ఉన్నదని పంపేవారు గుర్తుంచుకోవాలి.)

కేంద్ర మంత్రివర్గం 2025 నవంబరులో 25,060 కోట్ల రూపాయల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించిన సంగతి విదితమే. గ్రేటర్ నోయిడా హస్తకళల మేళాలో స్టాలు పెట్టగలవారికి కొనుగోలుదారులు ఎదురుగా వస్తారు. అంత స్తోమత లేనివారికి నమూనా ప్యాకెట్టే స్టాలు. అరకిలో లోపు నమూనాలకు తపాలాలో తగ్గింపు ధర నిర్ణయించి, ఆ తేడాను ఈ నిధి నుంచి భరించడం అసాధ్యమేమీ కాదు. దుర్వినియోగం జరుగుతుందన్న అభ్యంతరానికి 1952 నాటి జెనీవా ఒప్పందంలోనే సమాధానమున్నది: చెరగని ముద్ర వేయడం, చిల్లు పొడవడం. చిల్లు పడిన సంచిని దుకాణంలో ఎవరు కొంటారు?

జనక్‌పురి గృహిణి చివరకు సంచిని మడిచి, లోపల రెండు జతల దుద్దులు పెట్టి తపాలాలోనే పంపారు. ఆర్డరు ఖాయమైతే నమూనా ఖర్చులో సగం కొనుగోలుదారు భరించాలని ముందే ఉత్తరంలో రాయించుకున్నారు.