కొత్త ఊళ్ళో పాత మాట



జగిత్యాల జిల్లాలో ముత్యంపేట అనే ఊరున్నది. ఆ వైపున, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని, "మా బాపు దుబాయ్‌ల వున్నడు" అనే పిల్లలు ఎందరో కనబడతారు. వారికి గల్ఫ్ దేశాలన్నీ దుబాయే! మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయ్ పోయిండు" అంటారు. నిజానికి మస్కట్ ఒమాన్ దేశపు రాజధాని. కువైట్ వేరే దేశం. దుబాయ్, 1971లో ఏర్పడిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని 7 ఎమిరేట్లలో ఒకటి.

పనికి పోయేవారిలో చాలామంది ఒంటరిగానే పోతారు. భార్యాబిడ్డలను వెంట వుంచుకోవాలంటే, అక్కడి ప్రభుత్వం నిర్ణయించినంత జీతం వుండాలి. అలా కుదిరినవారి పిల్లలు మాత్రం అక్కడి బడిలో చేరతారు.

అలాటి పిల్ల ఒకతె ముత్యంపేటనుంచి దుబాయ్ వెళ్ళిందనుకుందాం. విమానం దిగగానే గడియారం గంటన్నర వెనక్కు తిప్పుకోవాలి. ఎందుకో తెలుసా? భూమి పడమరనుంచి తూర్పుకు తిరుగుతుంది గనక, తూర్పున వున్న మనకు సూర్యుడు ముందు కనిపిస్తాడు. అక్కడ రాత్రి 9 గంటలకు నాయనమ్మతో మాట్లాడదామని ఫోను చేస్తే, ఇక్కడ 10-30. నాయనమ్మ ఎప్పుడో నిద్రపోయి వుంటుంది!

బడిలో పక్కన మలయాళీ పిల్ల, వెనక బల్లమీద తమిళ పిల్లవాడు. ఆటల వేళ ఏ గుంపులో చేరాలో తెలియదు. ఆపైన అరబ్బీ తరగతి ఒకటి! అక్కడి బడులలో పరదేశపు పిల్లలుకూడా ఆ భాష నేర్చుకోవాలి. దాని అక్షరాలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి. మనం చివరి పేజీ అనుకునే చోట పుస్తకం మొదలవుతుంది. అంకెలు మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి రాస్తారు! ఇవన్నీ చూసి ఆ పిల్లకు ఏడుపు వస్తే తప్పేమీ లేదు.

ఐతే ఒక తమాషా చూడండి. అరబ్బీ పంతులమ్మ పేరు పిలిస్తే మగపిల్లలు "హాదిర్" అనీ, ఆడపిల్లలు "హాదిరా" అనీ జవాబు చెబుతారు. మరి, మన పంతులుగారు రోజూ వేసేదేమిటి? హాజరు! రెండూ ఒకే మాట. కలం, ఖాళీ, వకీలు—ఇవికూడా అరబ్బీనుంచి వచ్చినవే. పార్సీ, ఉర్దూ భాషలద్వారా నవాబుల కచ్చేరీలకు వచ్చి, అక్కడినుంచి మన పల్లెలు చేరాయి. ఆ పిల్ల విమానం ఎక్కటానికి ఎన్నో తరాల ముందే ఈ మాటలు పరదేశం వచ్చి స్థిరపడ్డాయన్న మాట! మన నోట పడి ఉచ్చారణ కొంచెం మార్చుకున్నాయి. అర్థాన్ని మాత్రం వదులుకోలేదు.

కొత్త చోట మనుషులు చేయవలసిందీ అంతే. అక్కడి పలకరింపు నేర్చుకోవాలి. రంజాన్ నెలలో ఉపవాసమున్న స్నేహితుని ఎదుట తినకుండా వుండాలి. బతుకమ్మ వస్తే, దొరికిన పూలతోనే పేర్చి ఆ మలయాళీ స్నేహితురాలినీ పిలవాలి. పెద్దలకొక మాట: ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలకు కొత్త భాష రాదని భయపడవద్దు. రెండు మూడు భాషలు కలిపి నేర్చుకునే శక్తి పిల్లలకున్నది.

కాని ఇది సగం పనే. మిగతా సగం ముందునుంచీ అక్కడ వున్నవారు చేయాలి. ఆ "ముందునుంచీ వున్నవారు" ఎవరో కాదు, మీరే కావచ్చు. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలలో పనిచేయటానికి ఒడిశానుంచి కుటుంబాలు వస్తాయి. ఆ పిల్లలకు మన ఊరే దుబాయ్. మన తెలుగే అరబ్బీ! అలాటి పిల్ల మీ తరగతికి వస్తే, బల్లమీద కాస్త జరిగి చోటివ్వండి. ఆమె భాషలో ఒక మాట అడగండి. నీళ్ళను "పాణి" అంటుంది. మన "పానీయం" మీకు గుర్తు రావటం లేదూ?

ఈ నెల మీకొక పని. మీ తాతగారినీ, నాయనమ్మనూ అడిగి, ఇతర భాషలనుంచి మనకు వచ్చిన మాటలు పది రాయండి. వాటిని వాడకుండా ఒక పూట గడపగలరేమో చూడండి!