జౌగడ బండ మీద చెక్కని మాట

యుద్ధం మనిషి నెత్తురులోనే ఉందని నమ్మేవాళ్లు పండితుల్లోనే కాదు, శ్రీకాకుళం జిల్లా సోంపేట టీకొట్ల దగ్గరా దొరుకుతారు. 2025 మేలో పాకిస్తాన్ సరిహద్దు రగిలినప్పుడు "ఈసారి తేల్చీయాల్రా, మరి ఒదల్రాదు" అనే మాట బెంచీ బెంచీకీ వినబడింది. నిజంగా నెత్తురులోనే ఉంటే దానికింత సరంజామా ఎందుకు? ఆకలేసినవాడికి అన్నం తినడం ఎవరూ నేర్పరు. సైనికుడికి మాత్రం నెలల తరబడి డ్రిల్లు కావాలి, పతకాలు కావాలి, అవీ చాలక పారిపోతే కోర్టు మార్షల్ కావాలి. యుద్ధం జన్యువుల్లో రాసిపెట్టి ఉందనడం శాస్త్రం కాదని 1986లోనే స్పెయిన్‌లోని సెవిల్‌లో కూడిన శాస్త్రవేత్తలు ప్రకటించారు.

బారువ తీరంలో ఇసక మీద తెల్లారకముందే పరుగెత్తే కుర్రాళ్లను చూడండి. సైన్యం ఎంపికలో పూర్తి మార్కులు కావాలంటే 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగించాలి. ఇసకలో అలవాటైతే గట్టినేల మీద సులువని వాళ్ల లెక్క. ఎవరి మీద కోపంతో ఈ పరుగని అడిగితే నవ్వుతారు. జీతం, చెల్లి పెళ్లి, ఇంటికి స్లాబు: ఇవీ కారణాలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేశాక తోటను నమ్ముకుని కూర్చోమని కొడుక్కి ఏ తండ్రి చెబుతాడు? 2022లో అగ్నిపథ్ వచ్చి, నాలుగేళ్ల కొలువు, ఆపైన నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు అన్నా పరుగు ఆగలేదు. తుపాకీ పట్టబోయేవాడికి లేని పగ టీ తాగేవాడికి ఉంది.

ఆ పగ పుట్టడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్ స్కూలు పిల్లలను, ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లు, ఇంకొకడివి నచ్చినవాళ్లు అని రెండు జట్లుగా చీల్చాడు. తన జట్టులో ఎవరున్నారో కూడా ఏ పిల్లాడికీ తెలియదు. డబ్బులు పంచమంటే చాలామంది తమ జట్టుకు తక్కువొచ్చినా సరే, అవతలి జట్టు కన్నా ఎక్కువ రావాలని చూశారు. లాభం కాదు, తేడా ముఖ్యం! మన దగ్గర 2025 మేలోనే శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీద విరుచుకుపడ్డారు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన సింధీ కుటుంబం పెట్టిన దుకాణమది.

ఇక మన కళింగం సంగతి. శ్రీకాకుళం తీరమంతా ఒకప్పుడు కళింగమే కాబట్టి, అశోకుడి కథ మనకు ఇంటి కథ. కళింగ యుద్ధంలో నెత్తురు చూసి చలించి కత్తి పారేశాడని బడిలో చెప్పారు, నమ్మాం. పదమూడో శాసనంలో ఆయన లెక్కలు చెప్పుకున్నమాట నిజమే: లక్ష మంది హతులు, లక్షన్నర మంది చెర, అంతకు ఎన్నో రెట్లు ఇతరత్రా చావులు. ఆ పశ్చాత్తాపం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఉంది. పెషావరు వైపు షాబాజ్‌గఢీలోనూ ఉంది. దెబ్బ తిన్న కళింగంలో మాత్రం లేదు. సోంపేట నుంచి ఇచ్ఛాపురం, బరంపురం దాటి రుషికుల్య ఒడ్డున జౌగడకు వెళితే బండ మీద పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు కనబడవు. కళింగంలోనే ఉన్న ధౌలి బండ మీదా అంతే. వాటి బదులు ప్రజలంతా నా బిడ్డలే అంటూ అధికారులకు ఇచ్చిన ఆదేశాలున్నాయి. ఓడినవాళ్ల దగ్గర తప్పు ఒప్పుకోవడం పాలనకు పనికిరాదని లెక్క వేసినట్టే నాకు కనిపిస్తుంది. గెలిచిన రాజ్యాన్ని తిరిగి ఇచ్చిందీ లేదు. అదే పదమూడో శాసనంలో అడవి జనాలకు, పశ్చాత్తాపపడినా నాకు బలం తగ్గలేదు సుమా అని హెచ్చరిక కూడా ఉంది.

దెబ్బ తిన్నవాళ్లు మాత్రం నేర్చుకున్నారా? తర్వాతి శతాబ్దాల్లో కళింగాన్నేలిన ఖారవేలుడు ఉదయగిరి కొండ మీది హాథీగుంఫా గుహలో తన దండయాత్రలను ఏడాది ఏడాదికీ వరసపెట్టి చెక్కించుకున్నాడు. పండితులు చాలామంది చదివిన ప్రకారం, పన్నెండో ఏట మగధ రాజును కాళ్ల మీద పడేయించుకుని, ఎప్పుడో మగధనేలిన నందరాజు పట్టుకుపోయిన జినుడి విగ్రహాన్ని వెనక్కి తెచ్చాడు. అహింస బోధించిన జినుడి పేరిట ఏనుగులతో దండయాత్ర! పగ అన్ని తరాలు దాటిందంటే అది నెత్తురులో ఇంకినందువల్ల కాదు. పిల్లలకు ఎవరో పనిగట్టుకుని చెబుతూ వచ్చారు.

బొబ్బిలి కథతో మనమూ ఆ పనే చేస్తున్నాం. 1757 జనవరి 24న కోట కూలడం, బొబ్బిలి వీరుడు పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును పొడిచి పగ తీర్చుకోవడం, అక్కడితో బుర్రకథ దరువు ఆగిపోతుంది. జరిగింది మాత్రం అక్కడితో ఆగలేదు. బొబ్బిలి మీదికి ఫ్రెంచివాళ్లను పిలుచుకొచ్చిన విజయనగరం మరుసటి ఏడాది వాళ్ల మీదికే ఇంగ్లీషువాళ్లను పిలిచింది. చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. కొన్నేళ్లకు ఉత్తర సర్కార్లు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలో పడ్డాయి. 1794 జూలైలో పద్మనాభం దగ్గర విజయనగరం రాజును చంపింది ఆ కంపెనీ సైన్యమే.